కాసేపు కూర్చోనిచ్చిన ఊరు

విదేశం వెళ్ళొచ్చిన ఆడవాళ్ళని అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "ఏమేం చూశారు?" అని. "ఎక్కడైనా కాసేపు స్థిమితంగా కూర్చున్నావా?" అని ఎవరూ అడగరు. నన్నడిగితే అసలు అడగాల్సింది అదే. ఎందుకంటే ఇంటిల్లిపాదీ కలిసి ఊరెళ్ళడమంటే మనలో చాలామందికి ఇంటిపని ఊరు మారడమే. పొద్దున్నే అందరికంటే ముందు లేవాలి, తడిబట్టలు ఎక్కడ ఆరేయాలో వెతకాలి. పెద్దవాళ్ళ మందులు, పిల్లల ఛార్జర్లు, పాస్‌పోర్టులు, పులిహోర పొడి, ఆవకాయ సీసా, చిన్న రైస్ కుక్కర్ అన్నీ మన లెక్కలోనే ఉంటాయి. ఫొటోల్లో అందరూ నవ్వుతుంటారు, మనం మాత్రం అందరి సంచులూ భుజాన వేసుకుని పక్కకి చూస్తుంటాం. మీ ఆల్బం ఒకసారి తిరగేసి చూడండి, నేను చెప్పింది అబద్ధమైతే అనండి.

అందుకే "పది రోజుల్లో ఏడు దేశాలు" అన్న ప్రకటన చూడగానే నాకు ఏడు దేశాలు కనిపించవు. ఏడుసార్లు సర్దాల్సిన సూట్‌కేసులు కనిపిస్తాయి. కుటుంబంతో వెళ్ళేవాళ్ళకి పెద్ద నగరాల వరస కంటే సముద్రం ఒడ్డున ఉండే ఒక చిన్న ఊరు, ఒకే గది, ఐదారు రోజులు చాలా మేలని నా అభిప్రాయం. ఊరికే అనడం కాదు, గ్రీసులో నాఫ్‌ప్లియో అనే ఊళ్ళో ఐదు రాత్రులు ఉండి వచ్చాక చెబుతున్న మాట.

మా అమ్మాయి జర్మనీలో చదువుతోంది. దాన్ని చూడ్డానికి వెళ్తూ, ఎలాగూ వెళ్తున్నాం కదా అని మావారు పారిస్, రోమ్, స్విట్జర్లాండ్ అంటూ పెద్ద జాబితా రాశారు. మాతో మా అత్తగారూ వస్తున్నారు. ఆవిడకి 74 ఏళ్ళు, రెండు మోకాళ్ళూ నొప్పులే. నేను ఒక్కటే అడిగాను. "ఏ ఊరైనా ఫరవాలేదు, ఐదు రాత్రులు ఒకే మంచం మీద పడుకోవాలి" అని. అమ్మాయి వెతికి వెతికి ఈ ఊరి పేరు చెప్పింది. "ఇంత డబ్బు పోసి వెళ్ళి ఒక్క ఊరేనా!" అని మావారు నాలుగు రోజులు సణిగారు. మా అత్తగారికి ఆ పేరు నోరు తిరగలేదు. "నాపల్లి" అనేశారు. మేమూ అలాగే అలవాటుపడ్డాం.

ఏథెన్స్ నుంచి ఈ నాపల్లికి దాదాపు 140 కిలోమీటర్లు. బస్సులో రెండు గంటల పైచిలుకు. దారిలో కోరింత్ దగ్గర, 1893లో తెరిచిన కాలువ వస్తుంది. రెండు సముద్రాలని కలపడానికి కొండని నిలువునా కోసినట్టుంటుంది. తర్వాత అంతా కమలాతోటలూ, ఆలివ్ తోటలూ. ఊరి జనాభా 14 వేలకి అటూ ఇటూ. మన దగ్గరైతే అది ఒక పెద్ద పంచాయతీ. కానీ ఈ చిన్న ఊరే ఒకప్పుడు గ్రీసుకి రాజధాని. టర్కీ సుల్తానుల పాలన మీద తిరగబడి స్వతంత్రం తెచ్చుకున్నాక ఇక్కణ్ణించే దేశాన్ని నడిపారు. 1834లో రాజధాని ఏథెన్స్‌కి మారింది. రాజధాని పోయిన ఊరు ఎలా ఉంటుంది? ఈ ఊరైతే నిమ్మళంగా ఉంది, పెద్ద ఉద్యోగం చేసి రిటైరై అరుగు మీద కూర్చున్న తాతగారిలాగ.

పాత ఊరంతా సముద్రానికీ కొండకీ మధ్య ఇరుకు సందుల్లో ఉంది. లోపలి వీధుల్లోకి కార్లు రావు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మనకి ఇదే పెద్ద విషయం. కార్లు రాకపోతే పిల్లల చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళక్కర్లేదు, ముసలావిణ్ణి పక్కకి జరపక్కర్లేదు, "చూసుకుని నడువు" అన్న మాట రోజుకి వందసార్లు అనక్కర్లేదు. ఆ మాట అనకుండా ఒక పూట గడిస్తే మెడ నరాలు ఎంత వదులవుతాయో నాకు అక్కడే తెలిసింది. సందుల్లో ఇటాలియన్ పద్ధతి బాల్కనీలు, వాటి మీంచి కిందికి వేలాడే కాగితం పూల తీగలు. మనింటి గోడల మీద పెరిగే మొక్కే. అక్కడ తెల్లగోడ మీద చూస్తే కొత్తగా కనిపించింది.

ఊరి నడిబొడ్డున సింటగ్మా చౌక్ ఉంది. సింటగ్మా అంటే రాజ్యాంగం. నేలంతా నున్నటి పాలరాయి. ఒకవైపు వెనిస్ వాళ్ళు 1713లో కట్టిన గోదాము. ఇప్పుడది మ్యూజియం. టర్కీ కాలంలో మసీదుగా కట్టిన ఒక భవనంలో తొలినాళ్ళ గ్రీకు పార్లమెంటు సమావేశమైందట. ఇవన్నీ మావారు బోర్డులు చదివి చెప్పినవి. నేను చూసింది మాత్రం వేరే. సాయంత్రం ఆరు దాటగానే ఆ చౌక్‌లోకి పిల్లలు బంతి పట్టుకుని వచ్చేస్తారు. చుట్టూ కాఫీ హోటళ్ళ కుర్చీల్లో వాళ్ళ అమ్మలు కూర్చుంటారు. పిల్లలు కళ్ళముందే ఆడుతుంటారు, అమ్మలు కాఫీ తాగుతూ మాట్లాడుకుంటుంటారు. ఎవరి పిల్లాడు పడినా దగ్గర్లో ఉన్న ఎవరో ఒకరు లేపుతారు. పిల్లల్ని ఆడించడానికి అమ్మ తన సాయంత్రాన్ని వదులుకోనక్కర్లేని ఏర్పాటు ఆ చౌక్. మన అపార్ట్‌మెంట్లలో పార్కింగ్‌లో ఆడే పిల్లలకి కాపలాగా నిలబడి, పైన కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టుకున్న రోజులు గుర్తొచ్చాయి నాకు.

ఆ కాఫీ గురించి రెండు ముక్కలు చెప్పాలి. గ్రీకు కాఫీ వడకట్టరు. పొడీ, చక్కెరా, నీళ్ళూ కలిపి చిన్న గిన్నెలో మరిగించి చిన్న కప్పులో పోస్తారు. మట్టు కింద దిగేదాకా ఆగి తాగాలి. చక్కెర ముందే పడుతుంది కాబట్టి అడిగేటప్పుడే చెప్పాలి. చక్కెర లేకుండా కావాలంటే స్కేటో, మధ్యస్థంగా ఉండాలంటే మేట్రియో, తియ్యగా కావాలంటే గ్లీకో. మన ఫిల్టర్ కాఫీ అలవాటున్న నాలుకకి మొదటి గుటక మందులా ఉంటుంది, మూడో రోజుకి బావుంటుంది. అసలు సంగతి రుచి కాదు. ఒక్క కాఫీ తీసుకుని రెండు గంటలు కూర్చున్నా బిల్లు తెచ్చి ముందు పెట్టరు. మనం అడిగితేనే తెస్తారు. మొదటిరోజు మావారికి కంగారు, "వీళ్ళు మనల్ని మర్చిపోయారేమో" అని. మర్చిపోలేదు, కూర్చోనిచ్చారు.

మగవాళ్ళ చేతుల్లో పూసల దండ ఒకటి కనిపిస్తుంది అక్కడ. కొంబొలోయి అంటారు. ఈ ఊళ్ళో దానికి ప్రత్యేకంగా ఒక చిన్న మ్యూజియం కూడా ఉంది. చూడ్డానికి మన జపమాలే గానీ జపం ఉండదు. ఊరికే వేళ్ళ మధ్య తిప్పుతుంటారు. మా అత్తగారు తన తులసిమాల ఒకసారి చూసుకుని, "జపం లేకుండా పూసలెందుకే?" అని మా అమ్మాయిని అడిగారు. "చేతులకి ఏదో ఒకటి ఉండాలి కదా మామ్మా" అంది అది. నాకు నవ్వొచ్చింది. ఏమీ చెయ్యకుండా కూర్చోవడానికి మగవాళ్ళు ఒక వస్తువునే తయారుచేసుకున్నారు. మన చేతులు కాస్త ఖాళీగా కనిపిస్తే చాలు, చిక్కుడుకాయల పళ్ళెం ఒళ్ళోకి వచ్చి కూర్చుంటుంది!

ఇక సముద్రం. ఈ ఊరు నాకు నచ్చడానికి అసలు కారణం ఇదే. ఓడరేవు నుంచి కొండ అంచున, సముద్రాన్ని ఆనుకుని రాళ్ళు పరిచిన కాలిబాట ఒకటుంది. సుమారు కిలోమీటరు. అది చుట్టుతిరిగి అర్వనీతియా అనే చిన్న గులకరాళ్ళ ఒడ్డుకి చేరుస్తుంది. పొద్దున ఎనిమిదిన్నరకి వెళ్తే అక్కడ ఊళ్ళో పెద్దావిడలు కనిపించారు. అరవై, డెబ్భై, కొందరికి ఇంకా పైనే ఉంటుంది. నెత్తిన టోపీలు, కొందరి చెవులకి పోగులు కూడా అలాగే ఉన్నాయి. మెడదాకా నీళ్ళలో నిలబడి, గుండ్రంగా చేరి కబుర్లు! ఈత లేదు, హడావుడి లేదు. గంటసేపు అలా మాట్లాడుకుని, బయటికొచ్చి తుడుచుకుని, కూరగాయల సంచీ పట్టుకుని ఇంటికెళ్ళిపోయారు. వాళ్ళ ఒళ్ళు సన్నగా ఉందా లావుగా ఉందా అన్న ధ్యాస వాళ్ళకీ లేదు, చూసేవాళ్ళకీ లేదు.

మేము కాకినాడ వాళ్ళం. పుట్టినప్పట్నించీ సముద్రం పక్కనే. అయినా మా అత్తగారు సముద్రంలోకి దిగింది మాఘ పౌర్ణమి స్నానాలకీ, అలాంటి పర్వదినాలకీ మాత్రమే. ముక్కు మూసుకుని మూడు మునకలు, పసుపూ కుంకుమా వదిలి, బయటికి. సరదాగా బీచ్‌కి వెళ్ళినప్పుడు మనం చేసే పనేమిటి? మగవాళ్ళూ పిల్లలూ నీళ్ళలో గెంతుతుంటే, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పాదాలు తడిసేంత దూరంలో నిలబడి, అందరి చెప్పులకీ ఫోన్లకీ కాపలా. మనకి సముద్రం ఉంటే పుణ్యానికి ఉంది, లేకపోతే ఫొటోకి ఉంది. ఒంటికి హాయిగా ఉంటుందని, మోకాళ్ళకి తేలిగ్గా ఉంటుందని, స్నేహితురాళ్ళతో కబుర్లకి బావుంటుందని మాత్రం లేదు.

రెండోరోజు కూడా మా అత్తగారు ఆ పెద్దావిడల్ని చాలాసేపు చూశారు. మూడోరోజు ఏమీ చెప్పకుండా చెప్పులు విడిచి, నూలు చీరతోనే మెల్లగా నా భుజం పట్టుకుని దిగారు. మోకాళ్ళ దాకా, తర్వాత నడుం దాకా. అక్కడ అలలు పెద్దగా లేవు, నీళ్ళలో పాదాలు కనిపిస్తున్నాయి. గులకరాళ్ళు గుచ్చుకుంటున్నాయంటే టోపీ పెట్టుకున్న ఒకావిడ ఒడ్డుకి వెళ్ళి తన రబ్బరు చెప్పులు తెచ్చి ఇచ్చింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఆవిడ గ్రీకులో, ఈవిడ తెలుగులో మోకాళ్ళు చూపించుకుని మాట్లాడుకున్నారు. ఇరవైనిమిషాలు అయ్యాక నేను "ఇంక వచ్చెయ్యండి అత్తయ్యా, జలుబు చేస్తుంది" అంటే, "నువ్వెళ్ళు, నేనొస్తాలే" అన్నారు. 28 ఏళ్ళ నా కాపురంలో ఆవిడ తన ఇష్టంతో, తన కోసం చేసిన పని నేను చూడడం అదే మొదలు.

శాకాహారులకి తిండెలా అని అడుగుతారని తెలుసు. గ్రీకు క్రైస్తవులకి ఏడాదిలో ఉపవాస దినాలు చాలా ఎక్కువ. ఆ రోజుల్లో మాంసం, గుడ్లు, పాలు ముట్టరు. ఆ వంటల్ని నిస్టీసిమా అంటారు. ఆ ఒక్కమాట నేర్చుకుంటే చాలు, మిగతా రోజుల్లో కూడా పని జరిగిపోతుంది. ఫావా అని పచ్చని పప్పు మెత్తగా ఉడికించి, పైన ఆలివ్ నూనే ఉల్లిపాయ ముక్కలూ వేసిస్తారు. అచ్చం ముద్దపప్పే, అన్నం లేదంతే! బియ్యం కూరి కాల్చిన టమాటాలు, టమాటా పులుసులో పెద్ద చిక్కుడు గింజలు, ఉడికించి నిమ్మకాయ పిండిన ఆకుకూరలు ఉంటాయి. టమాటాలో మాంసం కూడా కూరుతుంటారు కాబట్టి అడిగి తీసుకోవాలి. కారం ఉండదు. నా చేతిసంచీలో కందిపొడి ఉందనుకోండి. రైస్ కుక్కర్ మాత్రం తీసుకెళ్ళలేదు, ఐదు రోజులూ ఎవరూ చిక్కిపోలేదు.

చరిత్ర ఇష్టమున్నవాళ్ళకి ఇక్కడ కావలసినంత. కొండమీద 216 మీటర్ల ఎత్తున పలమీది కోట. వెనిస్ వాళ్ళు 1711 నుంచి 1714 వరకూ కట్టారు, మర్నాటి ఏడాదికల్లా టర్కీ వాళ్ళు పట్టేసుకున్నారు. మెట్లు 999 అని ఊరివాళ్ళ మాట. నిజానికి అంతకంటే తక్కువే. మావారూ అమ్మాయీ మెట్లెక్కారు, అత్తగారూ నేనూ టాక్సీలో వెనకవైపు రోడ్డు మీదుగా పైకి చేరాం. ఓడరేవులో నీళ్ళ మధ్య బూర్జీ అనే చిట్టి కోట ఉంది. కొండమీది జైల్లో మరణశిక్షలు అమలు చేసే తలార్లని ఊళ్ళోవాళ్ళు తమ మధ్య ఉండనివ్వక అక్కడ ఉంచేవారట. ఆ తర్వాత అదే కోట కొన్నాళ్ళు హోటల్‌గా నడిచింది. దేశపు తొలి పాలకుడు కపొడీస్ట్రియాస్‌ని 1831లో ఒక చిన్న చర్చి వాకిట్లో కాల్చి చంపారు. గోడమీద ఆ గుర్తు ఇప్పటికీ అద్దం వెనక చూపిస్తారు.

నాకు మాత్రం గుర్తుండిపోయింది బూబూలీనా. ఊరి తీరం వెంబడి వీధికి ఆవిడ పేరే. రెండుసార్లు పెళ్ళయి, ఇద్దరు భర్తల్నీ పోగొట్టుకుని, పిల్లల్ని పెంచుకుంటూ, తన సొమ్ముతో అగమెమ్నాన్ అనే యుద్ధనౌక కట్టించింది. 1821లో ఈ ఊరి కోటని సముద్రం వైపు నుంచి ముట్టడించిన వాళ్ళలో ఆవిడా ఉంది. మరో మంచి చోటు పెలొపొనీసియన్ జానపద సంస్థ మ్యూజియం. 1974లో రంగస్థలానికి దుస్తులు రూపొందించే ఇయొఆనా పపాంటోనియు అనే ఆవిడ స్థాపించింది. 1981లో యూరోపులో ఉత్తమ మ్యూజియంగా బహుమతి వచ్చింది. లోపల ఉన్నవి రాజుల కత్తులు కావు. పల్లె ఆడవాళ్ళు వడికిన నూలు, నేసిన బట్ట, కుట్టిన పెళ్ళిబట్టలు. ఇంట్లో ఆడవాళ్ళు చేసిన పనిని అద్దాల బీరువాలో పెట్టి, టికెట్ పెట్టి చూపించడం నాకు ఎంత సంతోషమనిపించిందో! మా అత్తగారు ఒక ఎంబ్రాయిడరీ అంచు ముందు నిలబడి, కుట్టు వెనకవైపు ఎలా వచ్చిందో చూద్దామని వంగి వంగి చూశారు.

చుట్టుపక్కల మైసీనీ కోట, సింహద్వారం. అటుపక్క క్రీస్తుకి పూర్వం నాలుగో శతాబ్దంలో కట్టిన ఎపిడోరస్ రంగస్థలం. రెండూ ఒక్కో పూటలో చూసి రావచ్చు. అంటే ఒకే గదిలో ఉంటూనే మావారి జాబితా ఆకలీ కొంత తీరింది.

ఊరంతా స్వర్గమని చెప్పను. సందుల్లో చాలావాటికి మెట్లే, నున్నటి పాలరాయి తడిస్తే జారుతుంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి గది కింది వీధుల్లోనే తీసుకోవాలి. శని, ఆదివారాల్లో ఏథెన్స్ జనం దిగుతారు, అద్దెలు పెరుగుతాయి, కుర్చీ దొరకదు. జూలై, ఆగస్టుల్లో మన ఎండే. మేము సెప్టెంబరు చివర వెళ్ళాం కాబట్టి హాయిగా ఉంది. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా చాలా దుకాణాలు మూసేసి ఇళ్ళకి పోతారు. పని జరగలేదని విసుక్కోకుండా మనమూ పడుకోవడం ఉత్తమం. ఒక ఉపయోగపడే సంగతి: షెంగెన్ వీసా ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటే ఆ దేశం దగ్గరే తీసుకోవాలి. ఊళ్ళు తగ్గిస్తే ఈ లెక్కలూ తేలికవుతాయి, రైళ్ళ ఖర్చూ తగ్గుతుంది. సణిగిన మావారే ఆ లెక్క చూసి నోరు మూసుకున్నారు.

ఇంకో మాట కూడా చెప్పకపోతే న్యాయం కాదు. నేను కూర్చున్నానంటే ఎవరో నిలబడ్డారు కాబట్టే. మేం రోజూ తిన్న చిన్న హోటల్లో వంట చేసేది ఒకావిడే, నా ఈడుదే. వేసవి మొదలైన దగ్గర్నుంచీ సెలవు లేదట. రాత్రి జనం పల్చబడ్డాక ఆవిడ ఏప్రాన్ విప్పి, సందులోకి కుర్చీ లాక్కుని, కాళ్ళు ఇంకో కుర్చీ మీద చాపుకుంది. వాళ్ళాయన కాఫీ తెచ్చి చేతికిచ్చాడు. ఆవిడ పని తక్కువేం కాదు. కానీ పనయ్యాక నలుగురూ చూసే వీధిలోనే కాళ్ళు చాపుకుని కూర్చుంది. మనం వంటింటి గుమ్మంలో, ఎవరూ లేనప్పుడు కూర్చుంటాం, అదీ చప్పుడైతే లేచి నిలబడడానికి సిద్ధంగా.

ఇదంతా గ్రీసు వెళితేనే దొరుకుతుందని నేననను. అందరికీ అంత దూరం కుదరదు, అక్కర్లేదు కూడా. మన భీమిలికి వెళ్ళినా, సూర్యలంక వెళ్ళినా, ముందుగా రెండు మాటలు ఇంట్లో అనుకుని బయల్దేరవచ్చు. ఒకటి, రోజూ గది మార్చం. రెండు, చెప్పుల కాపలా వంతులవారీ. రెండోదే కష్టం, దానికి వీసా కూడా సాయం చెయ్యదు. కానీ ఎవరో ఒకరు మొదలుపెట్టాలి. మొన్న కార్తీక మాసంలో ఉప్పాడ వెళ్ళినప్పుడు మా అత్తగారు చెప్పులు విడిచి, మావారి చేతికిచ్చి, "ఇవి చూస్తూ ఉండరా" అని నా చెయ్యి పట్టుకున్నారు. అలలు పెద్దవి, ఎక్కువ లోపలికి వెళ్ళలేదు. మూడు మునకల లెక్క కూడా ఆవిడ పెట్టుకోలేదు.

మీ ఇంట్లో ఈసారి ప్రయాణం మాట వచ్చినప్పుడు చూడాల్సిన చోట్ల జాబితా పిల్లలూ మగవాళ్ళూ రాస్తారు, రాయనివ్వండి. కింద ఇంకో గీత గీసి, "అమ్మ కూర్చునే చోటు" అని మీరే రాయండి. ఎదురుగా ఖాళీ వదిలేసి వాళ్ళకిచ్చేయండి. ఏం పూరిస్తారో చూద్దాం.